తల్లి చుక్క

చేపకి చెవులుంటాయంటే నమ్మనివాళ్ళు చాలామంది. మా పక్కింటావిడ పదహారేళ్ళుగా నమ్మడం లేదు. ఉంటాయి, తల లోపల. బయటికి కనబడవు. ఒక్కో చెవిలో పెసరబద్దంత తెల్లరాయి ఒకటి ఉంటుంది. ఆ రాళ్ళు చదవడమే నా ఉద్యోగం.

రాయిని సన్నగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే ఏడాదికొకటి చొప్పున గీతలు కనబడతాయి. సముద్రంలో మేత బాగా దొరికిన ఏడాది గీతల మధ్య ఎడం విశాలంగా ఉంటుంది. ఏరు ఎండిపోయి నీళ్ళు వేడెక్కి చేప కడుపు మాడిన ఏడాది గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇరుక్కుని ఉంటాయి. రాయి తప్పు చెప్పదని మా పెద్దసారు అంటుంటారు. చదివేవాళ్ళ సంగతి ఆయన అనరు.

మా అమ్మ పోయిన అయిదో రోజున నేను పనికి వెళ్ళాను. ఇంట్లో కూచుని చేసేదేముంది అనిపించింది. ఏడవలేదు. ఏడుపు రాలేదని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ రాలేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక బుగ్గ ఉన్నచోటే ఉంటుంది, ముట్టుకుంటే మాత్రం వేరేవాళ్ళది అనిపిస్తుంది. నాకు ఒళ్ళంతా అలా ఉండేది. బస్సు ఎక్కేదాన్ని, దిగేదాన్ని, టీ తాగేదాన్ని. టీ వేడిగా ఉందో చల్లారిపోయిందో తాగాక కూడా తెలిసేది కాదు.

అమ్మ సంగతి నేను ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. చుట్టాలందరికీ తమ్ముడే ఫోన్లు చేశాడు. ఆఫీసుకి కూడా వాడే చేశాడు. సెలవు చీటీ కూడా మా రెండో కన్ను నింపిపెడితే నేను సంతకం చేశాను. "అమ్మగారు పోయారటగా" అని ఎదుటివాళ్ళే అనేవాళ్ళు. నేను తల ఊపేదాన్ని. ఆ మాట నా నోట్లోంచి ఒక్కసారి కూడా రాలేదని అప్పట్లో నేను గమనించలేదు.

రెండో కన్ను అంటే నా బల్లకి ఎదురుబల్ల ఆయన. ప్రతి రాయినీ ఇద్దరు చూడాలని మా దగ్గర నియమం. నేను మొదటి కన్ను, ఆయన రెండో కన్ను. పద్నాలుగేళ్ళుగా ఆ పేరే ఖాయమైపోయి, జీతం పంచే గుమాస్తా కూడా "రెండో కన్ను గారూ" అనే పిలుస్తాడు. నెమ్మదైన మనిషి. తలుపు తోసేముందు తలుపుని కూడా అనుమతి అడిగే రకం.

ఈసారి మా చేతికొచ్చిన పని మామూలుది కాదు. మా ఊరి దగ్గర రెండు ఏర్లు కలిసి సముద్రంలో పడతాయి, ఒకటి పెద్ద ఏరు, ఒకటి చిన్న ఏరు. చిన్న ఏటికి అడ్డంగా ఉన్న గేట్లు శాశ్వతంగా దించేసి నీళ్ళు కొత్త చెరువుకి మళ్ళించాలని నీటి ఆఫీసు వాళ్ళ ఆలోచన. సముద్రంలో పెరిగిన చేపలు ఏరెక్కి గుడ్లు పెట్టే మూడు నెలలూ గేట్లు ఎత్తి ఉంచాలని చట్టం ఉంది కానీ, అది ఆ ఏటిలో సొంతంగా పుట్టే చేప ఉంటేనే. పట్టిన చేపల్లో కనీసం మూడో వంతు ఆ ఏటిలోనే పుట్టినవై ఉండాలి. హేచరీలో పెంచి వదిలితే దారి తప్పి అక్కడికి వచ్చిన చేపలు లెక్కలోకి రావు. ఏది సొంత చేపో ఏది హేచరీ చేపో తేల్చి చెప్పమని మాకు పంపారు.

చిన్న ఏటి మీద మా తమ్ముడికి పడవ ఉంది. అంచేత నన్ను ఈ పని మీద పెట్టొచ్చా అని మొదట్లోనే చర్చ జరిగింది. పరవాలేదన్నారు, ఎందుకంటే రాళ్ళ మీద ఏ ఏటివో రాసి ఉండదు. ఆ వారం రెండు ఏర్లలో పట్టిన చేపల రాళ్ళన్నీ కలిపేసి నంబర్లు వేసి, వారానికొక పెట్టె చొప్పున నాకు ఇస్తారు. ఏ నంబరు ఏ ఏటిదో రాసిన కాగితం పెద్దసారు సొరుగులో తాళం కింద ఉంటుంది. పని మొత్తం అయ్యాకే ఆ తాళం తీస్తారు.

పుట్టుక ఎలా తెలుస్తుందంటే, సముద్రపు నీటిలో స్ట్రాన్షియం అనే లోహం ఎక్కువ, ఏటి నీటిలో తక్కువ. చేప ఏ నీటిలో ఉంటే ఆ నీటి రుచి రాయికి పట్టేస్తుంది. మా హేచరీ సముద్రపు ఒడ్డున ఉంది, అక్కడ తొట్లలో సగం ఉప్పునీళ్ళే. కాబట్టి రాయిలో పుట్టినప్పటి పొరలో ఉప్పు కనబడితే హేచరీ చేప, కనబడకపోతే ఏటి చేప. చూడాల్సిన చోట నేను మైక్రోస్కోపులో గుర్తు పెడతాను. కింది అంతస్తులో లేజరు మిషను ఆ గుర్తు మీద సూదిమొనంత గుంట కొట్టి అక్కడ ఉప్పెంతో చెబుతుంది. మిషను నడిపే ఆవిడని మేం లేజరమ్మ అంటాం. ఆవిడ ఎదురుగా అనం.

ఇందులో ఒకటే మెలిక. రాయికి సరిగ్గా మధ్యలో ఒక నల్లటి చుక్క ఉంటుంది. గుడ్డులో ఉన్నప్పుడు, తల్లి ఇచ్చిన సొన తింటూ చేపపిల్ల కట్టుకున్న భాగం అది. తల్లి సముద్రంలోంచి వచ్చింది కాబట్టి ఆ సొనలో ఉప్పు ఉంటుంది. ఏ ఏటిలో పుట్టిన చేపకైనా సరే, ఆ మధ్య చుక్కలో సముద్రమే కనబడుతుంది. దాన్ని మేం తల్లి చుక్క అంటాం. దాని చుట్టూ సన్నటి వలయం ఒకటి ఉంటుంది, పిల్ల గుడ్డులోంచి బయటపడి మొదటిసారి సొంతంగా నోరు తెరిచిన రోజు పడిన గీత. ఆ వలయం దాటాకే గుర్తు పెట్టాలి. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారంలో నేర్పే పాఠం ఇది. నేనే పదకొండుమందికి నేర్పాను. "మధ్యలో ఉన్నది తల్లిది, దాని జోలికి పోకండి" అని చెప్పి చెప్పి నాకే విసుగు పుట్టింది.

పని ముగిసింది. తాళం తీశారు. చిన్న ఏటి చేపలు మొత్తం నూట యాభై. యాభై ఉంటే గేట్లు తెరిచి ఉంటాయి. ఇరవై తొమ్మిది వచ్చాయి.

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీ తమ్ముడికి..." అని ఆగారు.

"చెప్తాను లెండి," అన్నాను. నాకేమీ అనిపించలేదు. నివేదిక మర్నాటి శుక్రవారం కాదు, ఆ పై శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి నీటి ఆఫీసుకి చేరాలి.

ఆదివారం నాడు అమ్మ ఇల్లు ఖాళీ చేయడానికి వెళ్ళాం. ఇల్లంటే అద్దెకున్న రెండు గదులు, చేపల మార్కెట్ వెనక, ఒక కొట్టు పైన. అమ్మ నలభై ఏళ్ళు ఆ మార్కెట్లో చేపలు కోసింది. నెలాఖరుకి గదులు అప్పజెప్పాలి. తమ్ముడు వంటింట్లో గిన్నెలు అట్టపెట్టెలో సర్దుతున్నాడు, నేను దుప్పట్లు మడతపెడుతున్నాను. అలా మడతపెడుతూనే చెప్పేశాను, ఇరవై తొమ్మిదే అని.

వాడు సర్దడం ఆపాడు. చేతిలో గరిట అలాగే ఉంది.

"నువ్వే చదివావా అక్కా?"

"నేనే."

"ఆఖర్న వచ్చినవి కూడా?"

"అన్నీ."

"మొదట్లో ఎక్కేవి హేచరీవి. అది నేనూ ఒప్పుకుంటాను. సీజను ఆఖర్న ఎక్కేవి మనవి. హేచరీ చేప సిమెంటు తొట్టిలో పెరుగుతుంది, గోడకి రాసుకుని రాసుకుని దాని రెక్క కొసలు అరిగిపోతాయి. అమ్మ అయితే అటు తిరిగి కబుర్లు చెబుతూ, వేలు పెట్టి చూసి చెప్పేసేది. ఈసారి ఆఖర్న పట్టినవాటికి రెక్కలు ఎంత పదునుగా ఉన్నాయో. నా చేతులు కోసుకుపోయాయి."

"చేతులు కోసుకుపోయాయని రిపోర్టులో రాయనా?"

అలా అనకూడదు. అన్నాను. మామూలుగా అయితే అన్న వెంటనే నాలిక కరుచుకునేదాన్ని.

వాడికి కోపం రాలేదు. "సరేలే. బస్సు డిపోలో అడిగి ఉంచాను. టైర్ల దగ్గర పని. గేట్లు దించేస్తే పడవ అక్కడ దేనికి, బట్టలు ఆరేసుకోడానికా," అన్నాడు. జోకు వేసినట్టే అన్నాడు కానీ ఇద్దరం నవ్వలేదు. వాడు పదిహేనో ఏట పడవెక్కాడు. ఏటి మీద తప్ప వాడు ఇంకెక్కడా సరిగ్గా నిలబడలేడు, పెళ్ళిళ్ళలో కూడా గోడకి ఆనుకుని ఉంటాడు.

కాసేపటికి కిటికీ గట్టు మీంచి ఒక చిన్న స్టీలు మూత తీసి చూపించాడు. "ఇవి పారెయ్యాలా?"

మూతలో రెండు చెవిరాళ్ళు ఉన్నాయి. నాకు ఈ ఉద్యోగం వచ్చిన రోజు నుంచి అమ్మ ఇంట్లో ఏ చేప వండినా దాని తలలోంచి రాళ్ళు కత్తిమొనతో తీసి, కడిగి, నాకోసం దాచేది. "నీకు పనికొస్తాయేమోనే," అనేది. వేలకి వేలు రాళ్ళు మూలుగుతున్న ఆఫీసు మాది. అమ్మ ఇచ్చినవి పర్సులో వేసుకుని, ఆఫీసుకి వెళ్ళాక చెత్తబుట్టలో పడేసేదాన్ని. బాగా పనికొచ్చాయని చెప్పేదాన్ని.

"ఎప్పటి చేప ఇది?" అని అడిగాను.

"ఆస్పత్రికి వెళ్ళక ముందు ఆదివారం. నేనే తెచ్చిచ్చాను. చిన్న ఏట్లో, రెండో వంతెన కింద పట్టాను."

మూతలోవి రుమాల్లో కట్టుకుని పర్సులో వేసుకున్నాను.

సోమవారం నా బల్ల మీద పనేమీ లేదు. పెద్దసారు నివేదిక టైపు చేయిస్తున్నారు. అమ్మ రాళ్ళు తీసి ఒకదాన్ని స్లైడుకి అంటించి, తడి సానకాగితం మీద అరగదీయడం మొదలుపెట్టాను. తొందరపడితే మధ్య భాగం కూడా అరిగిపోతుంది, అందుకని నాలుగు రుద్దులు రుద్దడం, తీసి చూడడం, మళ్ళీ రుద్దడం. సానకాగితం మీద రాయి చేసే సన్నటి చప్పుడు వినబడింది. అన్నాళ్ళుగా ఆ చప్పుడు విన్నట్టు నాకు గుర్తు లేదు.

మైక్రోస్కోపు కింద పెట్టాను. నాలుగేళ్ళ చేప. రెండో ఏడు సముద్రంలో బాగా తిన్నది, మూడో ఏడు ఎందుకో కష్టపడింది. చిన్నప్పటి గీతలు చూస్తే ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు, వరద వచ్చినట్టూ వేసవి వచ్చినట్టూ తెలుస్తూనే ఉంది. హేచరీలో వేళకి మేత వేస్తారు, అక్కడి గీతలు రూళ్ళ పుస్తకంలో లాగా సమానంగా ఉంటాయి. ఇది ఏటి చేపే, మిషను అక్కర్లేదు.

అలవాటు కొద్దీ గుర్తు పెట్టబోయాను. మధ్యన నల్ల చుక్క. అక్కడి నుంచి వలయం దాటాలంటే స్లైడుని జరిపే మర ఇంకో పావు చుట్టు తిప్పాలి. తిప్పాను. తిప్పుతుంటే వేళ్ళకి అదేదో చాలా రోజుల తర్వాత చేస్తున్న పనిలా తోచింది. చేయి అలాగే ఆగిపోయింది.

లేచి బీరువా తీసి ఆఖరి పెట్టెలోంచి ఒక స్లైడు తెచ్చి పెట్టాను. లేజరు కొట్టిన గుంట సరిగ్గా తల్లి చుక్క మీద ఉంది. ఇంకోటి పెట్టాను. తల్లి చుక్క మీదే. దాని ముందు పెట్టె. దాని ముందు పెట్టె. అయిదు పెట్టెలు వెనక్కి వెళ్ళాను, ప్రతి స్లైడులోనూ అదే. ఆరో పెట్టెలో గుంటలన్నీ ఉండాల్సిన చోట, వలయం అవతల ఉన్నాయి. నంబర్ల కాగితం చూసుకుంటే ఆ అయిదు పెట్టెల్లో చిన్న ఏటి చేపలు అరవై నాలుగు. అరవై నాలుగు చేపలకీ పుట్టిన ఏరు వదిలేసి తల్లి వచ్చిన సముద్రాన్ని చూపించాను. మిషను ఉప్పు అంది. ఉప్పు అంటే హేచరీ అని రాసుకున్నాం.

పక్కనే నా చేతిరాతతోనే ఉంది, "గీతలు అసమానం" అని. ఏటి చేప అని కళ్ళతో చూసి రాసి, పక్క గడిలో హేచరీ అని వచ్చినా నాకు చీమ కుట్టినట్టయినా లేదు.

భయం వేయాలి. వేయలేదు. కొంప మునిగిందని తెలుసు, అంతే.

రెండో కన్నుని పిలిచి స్లైడు చూపించాను. ఆయన అయిదింటిలో ఒకటి చొప్పున నా గుర్తులు సరిచూడాలి. ప్రతి పెట్టె మీదా ఆయన సంతకం ఉంది.

"మీరు చూడలేదా?" అన్నాను.

ఆయన నీళ్ళు నమిలాడు. "చూశానండి. మీరు మళ్ళీ వచ్చిన వారం, మొదటి స్లైడు. గుర్తు మధ్యలో ఉంది. చెబుదామని లేచాను కూడా. మీరు అప్పుడు కిటికీలోంచి చూస్తున్నారు. ఆ మొహం చూసి... మొహమాటం వేసిందండి. ఒక్కటేగా, పోనీలే అనుకున్నాను. ఆ తర్వాత చూడడం మానేశాను. చూస్తే మీకు చెప్పాల్సి వస్తుందని."

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. ఈ మాటకి మామూలుగా అయితే ఒంటికాలి మీద లేచి ఆఫీసు ఎగరగొట్టేదాన్ని. ఆరోజు ఊరికే కుర్చీలో కూచున్నాను. ఆయనే నిలబడి చేతులు నలుపుకున్నాడు.

పెద్దసారు అంతా విని తలుపు వేయించారు. "గుంట పక్కన ఇంకో గుంట కొట్టడానికి చోటుందా?"

"ఉంది. కానీ గుర్తులు నేను పెట్టకూడదు. ఈయన పెట్టాలి."

"సరే. అసలు సంగతి అది కాదు. తాళం తీసేశాం. ఏది చిన్న ఏటిదో ఇప్పుడు అందరికీ తెలుసు. ఓడిపోయాక మళ్ళీ ఆడినట్టుంటుంది. తమ్ముడి పడవ కోసం లెక్క మార్చింది అంటారు. అనకపోతే నీటి ఆఫీసు వాళ్ళు మనుషులే కారు."

"అంటారని వదిలేద్దామా?"

"నేనలా అన్నానా?" ఆయన విసుక్కున్నారు. "ఆ లేజరావిడని పిలవండి."

లేజరమ్మ గొణుక్కుంటూనే పని చేసింది. ఇంకో మూడు ఆఫీసుల స్లైడులు వరసలో ఉన్నాయి, వాటిని వెనక్కి నెట్టి, తిండి తినే వేళల్లో కూడా మిషను ఆపకుండా రెండున్నర రోజుల్లో కొట్టింది. గుర్తులన్నీ రెండో కన్ను పెట్టాడు. ఒక్కో గుర్తుకి మూడుసార్లు చూశాడు. గురువారం పొద్దున్న ఫలితం వచ్చింది. అరవై నాలుగులో నలభై ఒకటి చిన్న ఏటిలోనే పుట్టినవి. ముందు ఇరవై తొమ్మిదితో కలిపితే డెబ్భై. సీజను ఆఖర్న వచ్చేవి మనవేనని తమ్ముడు చెప్పింది నిజమే.

అయితే దిద్దుబాటు ఊరికే పంపడానికి వీల్లేదు. దానికొక ఫారం ఉంది. తప్పు మొదలైన తేదీ, తప్పు ముగిసిన తేదీ, కారణం. తప్పు చేసినవాళ్ళే సొంత చేతిరాతతో నింపాలి. కారణం సరిగ్గా లేకపోతే పాత లెక్కే నిలుస్తుంది.

"పొరపాటు" అని రాసి ఇచ్చాను. పెద్దసారు వెనక్కిచ్చారు.

"దృష్టి లోపం" అని రాశాను. "మరి దాని ముందు ఎనభై ఆరు చేపలకి మీ దృష్టి ఎలా ఉంది?" అని మళ్ళీ వెనక్కిచ్చారు.

రెండో కన్ను నెమ్మదిగా వచ్చి, "నేను చెప్తాను, మీరు రాయండి. కుటుంబ కారణాల వల్ల అంటే సరిపోతుంది," అన్నాడు.

పెద్దసారు తల అడ్డంగా ఊపారు. "తమ్ముడి పడవ కూడా కుటుంబ కారణమేనయ్యా. వాళ్ళు పట్టుకునేదే అక్కడ." తర్వాత నా వంక చూడకుండా, చేతిలో ఉన్న కాగితం చూస్తూ అన్నారు. "ఏ రోజు మొదలైంది, ఎందుకు ఆ రోజే మొదలైంది, అది రాయాలి. అది మీ మంచికే. ఆ తేదీ ఎవరూ కావాలని తెచ్చుకునేది కాదు కదా."

ఆయన చెప్పేది నాకు అర్థమైంది. గురువారం సాయంత్రం దాకా ఫారం ముందు కూచున్నాను. పెన్ను మూత తీశాను, పెట్టాను. రాయాల్సిన వాక్యంలో మూడే మాటలు. పదహారేళ్ళలో ఎన్ని వేల కాగితాలు నింపి ఉంటానో, ఈ మూడు మాటలకి చెయ్యి రాలేదు. రాత్రికి ఇంటికెళ్ళి పడుకున్నాను. నిద్ర బాగానే పట్టింది. అదొకటి నాకు నా మీద అసహ్యం.

శుక్రవారం ఎనిమిదింటికల్లా ఆఫీసులో ఉన్నాను. ఫారం పక్కన పెట్టి, ఏదో ఒకటి చేయాలి కాబట్టి అమ్మ రాయి మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టాను. ఈసారి మధ్యలోకి కాదు, అంచుకి వెళ్ళాను. పెద్ద లెన్సు పెడితే ఏడాది గీతల మధ్య ఇంకా సన్నటి గీతలు కనబడతాయి, రోజుకొకటి. చేప చచ్చిపోయిన రోజున ఆగిపోతాయి. చిట్టచివరి గీత తమ్ముడు దాన్ని పట్టిన రోజుది. ఆదివారం. ఆరోజు మధ్యాహ్నం అమ్మ తన వంటింట్లో నిలబడి, ఆ తల కోసి, కత్తిమొనతో రాయి తీసి, నీళ్ళకింద కడిగి, నాకు పనికొస్తుందని మూతలో వేసి కిటికీ గట్టు మీద పెట్టింది. అప్పటికే ఆవిడకి ఊపిరి సరిగ్గా ఆడడం లేదని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆ గీత తర్వాత ఇంకేమీ లేదు. జిగురు, తర్వాత గాజు.

ఫారం దగ్గరికి లాక్కున్నాను.

మొదలైన తేదీ దగ్గర పదహారు అని, ముగిసిన తేదీ దగ్గర ఆ మరుసటి నెల ఇరవై అని వేశాను. కారణం దగ్గర రాశాను. "పదకొండో తేదీన మా అమ్మ చనిపోయింది. పదహారున నేను పనికి వచ్చాను. ఆ అయిదు వారాలూ నేను చూశాననుకున్నాను గానీ, ఏమీ చూడలేదు."

రాసినంతసేపూ అక్షరాలు బాగానే వచ్చాయి. గుండ్రంగా, ఎప్పటిలాగే. రెండో కన్ను వచ్చి చదివి, నా పెన్నే తీసుకుని, నిలబడే కింద రాశాడు. "ఆమె ముఖం చూసి అడగలేకపోయాను. సరిచూడకుండా సంతకం చేశాను." ఆ వాక్యం ఆయన ఉద్యోగానికి మచ్చ. అది తెలిసే రాశాడు. మొహమాటం లేకుండా ఆయన చేసిన పని నేను చూసింది అదొక్కటే.

పెద్దసారు చదివి ముద్ర వేశారు. నీటి ఆఫీసుకి తనే స్వయంగా తీసుకెళ్ళారు. పన్నెండున్నరకి అక్కడి నుంచే ఫోను చేశారు. ఫారం ఒప్పుకున్నారు. అవతలివైపు పెద్దమనిషి తేదీలు రెండుసార్లు చదువుకుని, ఆస్పత్రి కాగితం జతచేయమన్నాడట, అంతకంటే ఏమీ అనలేదట. గేట్లు ఈ సీజనుకి ఎత్తే ఉంటాయి, పై ఏడు మళ్ళీ చూస్తారు. ఇక నేను ఒక ఏడాది పాటు రాళ్ళు చదవకూడదు. కడిగి, నంబర్లు వేసి ఇవ్వాలి. ఆ మాట చెప్పడానికి ఆయన ఇబ్బంది పడ్డారు. నేనే, "అంతేగా, చేస్తాను," అన్నాను.

మెట్ల దగ్గరికి వచ్చి తమ్ముడికి ఫోను చేశాను. ఏటి మీద ఉన్నాడు. ఇంజను చప్పుడులో సగం మాటలు వినబడడం లేదు.

"డెబ్భై," అన్నాను. "గేట్లు ఎత్తే ఉంచుతారు."

"ఎంత?"

"డెబ్భై రా. మీ ఏటివే."

వాడు నవ్వాడు. అమ్మ పోయాక వాడు నవ్వగా వినడం అదే. "అమ్మ వేలు పెట్టి చెప్పేదానికి మీకు అంత మిషను కావాల్సొచ్చింది," అన్నాడు. "డిపో వాళ్ళకి రానని చెప్పేస్తాను. అక్కా, ఉన్నావా?"

ఉన్నాను. ఏదో అనబోయాను. గొంతులోంచి వేరే మాట వచ్చింది. పొద్దున్న కాగితం మీద రాసిన మాటే.

"అమ్మ చనిపోయిందిరా," అన్నాను.

వాడికి తెలియనట్టు. ఇప్పుడే జరిగినట్టు, మొట్టమొదట వాడికే ఫోను చేసి చెబుతున్నట్టు. మాట బయటికి రాగానే మెట్టు మీద కూలబడిపోయాను. కళ్ళలోంచి నీళ్ళు కాదు, ముందు గొంతులోంచి చప్పుడు వచ్చింది, ఎవరిదో అనుకున్నాను. తర్వాత నీళ్ళు వచ్చాయి. వేడిగా ఉన్నాయి, అది తెలిసింది.

"అవునక్కా," అన్నాడు తమ్ముడు.

ఫోను పెట్టెయ్యలేదు. కాసేపటికి అవతల వాడు పడవ ఇంజను ఆపేయడం వినబడింది.